పెరటి తొట్టిలో పచ్చనీళ్లు ఎందుకు వస్తాయి, ఎలా తేటపడతాయి

శివరాత్రి దాటి ఎండ ముదరడం మొదలైందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాలలో పెరట్లో చేపల తొట్టి కట్టుకున్న ఇళ్లన్నింటా ఒకే ఫిర్యాదు వినబడుతుంది. చలికాలంలో అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్న నీళ్లు పది పదిహేను రోజుల్లో బచ్చలాకు పిండిన రసంలా మారిపోతాయి. ఎర్రమచ్చల కోయి చేపలు మేతకు పైకి వచ్చిన ఆ రెండు నిమిషాలు తప్ప కంటికి కనబడవు. మా వీధి చివరి ఇంటి పెద్దమ్మ నిరుడు ఎండాకాలంలో నన్ను పిలిచి తమ తొట్టి చూపిస్తూ, "నీళ్లు మార్చుడు మార్చుడే అయితుంది సారూ, మూడొద్దులు గాకముందే మళ్ల పచ్చగైతున్నయి" అన్నారు. అప్పటికి ఆమె ఒక్క నెలలోనే నాలుగుసార్లు తొట్టి మొత్తం ఖాళీ చేయించి, గోడలు బ్రష్షుతో రుద్దించి, బోరు నీళ్లు నింపించారు. నీళ్లు అంత త్వరగా పచ్చబడడానికి ఆ నాలుగుసార్లు చేసిన శుభ్రతే ఒక ముఖ్య కారణమని ఆమెకు వివరించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఆ సాయంత్రం చెప్పినవే ఇక్కడ మరికొంత వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవలసింది, ఆ పచ్చదనం మురికి కాదు, అది ఒక పంట. క్లోరెల్లా, సెనెడెస్మస్, యూగ్లీనా వంటి ఏకకణ జీవులు నీటిలో కోట్ల సంఖ్యలో తేలుతూ ఆ రంగునిస్తాయి. వాటిలో చాలావాటి కణం మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి కొన్ని వందో వంతుల దాకా మాత్రమే ఉంటుంది కాబట్టి గుడ్డతో వడగట్టినా, మామూలు స్పాంజి గుండా పంపినా అవి ఆగవు. గోడలకు, మెట్లకు పట్టి కాలు జారేలా చేసే పాశి వేరు, దారాల్లా అల్లుకునే నాచు వేరు, నీటినే రంగు మార్చే ఈ సూక్ష్మ నాచు వేరు. ఏ పంటకైనా కావలసినవే దీనికీ కావాలి: వెలుతురు, వెచ్చదనం, నత్రజని, భాస్వరం. మన చెరువుల్లో, కుంటల్లో బొచ్చె, రవ్వ పెంచే వారికి ఈ సంగతి బాగా తెలుసు. చేపపిల్లలు వదలడానికి ముందు వారు పశువుల పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీటిని కావాలనే పచ్చబరుస్తారు. మోచేతి దాకా చేయి ముంచితే అరచేయి కనిపించీ కనిపించనట్లు ఉండాలని చూసుకుంటారు, ఎందుకంటే ఆ పచ్చదనమే చేపపిల్లల ఆహారానికి మూలం. చెరువులో పేడ, ఎరువు చేసే పనిని పెరటి తొట్టిలో మనం రోజూ వేసే మేత చేస్తుంది. తేడా అంతే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు ఉన్న తొట్టిలో సుమారు 5,100 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో రోజుకు 50 గ్రాముల గుళికల మేత వేస్తున్నామనుకుందాం. మేతలో మాంసకృత్తులు 32 శాతం ఉంటే అది 16 గ్రాములు. మాంసకృత్తుల బరువులో నత్రజని దాదాపు 16 శాతం కాబట్టి, ఆ మేతతో రోజుకు రెండున్నర గ్రాముల నత్రజని నీటిలోకి దిగుతోంది. చేప తన ఒంటికి పట్టించుకునేది అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే. మిగిలినది మొప్పల నుంచి అమ్మోనియాగా, పెంటగా, తినకుండా వదిలేసిన గుళికగా నీటిలోనే ఉండిపోతుంది. అలా మిగిలే 1.8 గ్రాముల నత్రజని ఎండబెట్టి తూచితే పాతిక గ్రాములు తూగేంత సూక్ష్మ నాచును పెంచడానికి చాలు. అంటే దోసెడు మేత వేసిన ప్రతిరోజూ, మనకు తెలియకుండానే అందులో సగం బరువుకు సరిపడా నాచుకు కూడా విత్తనం, ఎరువు రెండూ వేస్తున్నామన్నమాట. చేపలు తినేదాని కన్నా మనం చూసి సంతోషించడానికి వేసే మేతే ఎక్కువగా ఉంటుందని నా అనుభవం. పిల్లలున్న ఇళ్లలో మరీ ఎక్కువ.

అయితే అన్ని కలక నీళ్లూ నాచు వల్ల కలగవు, అందుచేత మందు వెతికే ముందు రోగం తెలుసుకోవడం అవసరం. ఒక తెల్లని గాజు సీసాలో తొట్టి నీళ్లు నింపి, రాత్రంతా కదపకుండా గోడ మీద పెట్టి, తెల్లవారాక వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అడుగున ఎర్రటి మడ్డి పేరుకుని పైన తేటపడితే అది మట్టి; పాలమూరు చెలక నేలల్లో మొదటి వాన పడగానే పెరటి మన్ను తొట్టిలోకి కొట్టుకువచ్చినప్పుడు ఇలాగే అవుతుంది. ఇందులోనే మెత్తని బంకమన్ను మాత్రం రోజుల తరబడి దిగకుండా ఎర్రగానే నిలుస్తుంది. నీళ్లు స్వచ్ఛంగానే ఉండి టీ డికాక్షన్ రంగులో కనిపిస్తే ఆకులు నానిన రసం దిగిందని అర్థం. సీసా అంతా సమంగా పచ్చగా నిలిచి ఉంటే లేదా అడుగున సన్నని పచ్చని పొడి దిగితే అది మామూలు సూక్ష్మ నాచు. అలా కాక పచ్చదనమంతా పైకి తేలి, పెయింటు ఒలికినట్లు ఒక పొరగా చేరి, మట్టివాసనో కుళ్లు వాసనో వస్తే అది మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. వీటిలో కొన్ని రకాలు విషం విడుదల చేస్తాయి కాబట్టి అటువంటి నీటిని పశువులు, కుక్కలు తాగకుండా చూడాలి, చేతులు పెట్టి కలపకూడదు.

పచ్చనీళ్లు చూడడానికి బాగుండవన్న ఒక్క కారణంతోనే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు ప్రమాదం తెల్లవారుజామున ఉంటుంది. పగలు నాచు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది, చీకటి పడగానే చేపలతో పోటీపడి అదే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. వేడి నీటిలో అది కరిగి ఉండే పరిమాణమే తక్కువ: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు నిలిచేది, 35 డిగ్రీల దగ్గర 6.9కి పడిపోతుంది. రోహిణి కార్తె రోజుల్లో సిమెంటు తొట్టి రాత్రంతా వేడి వదలకుండా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ వేళ టార్చి పట్టుకుని వెళ్లి చూడండి. చేపలు గుంపుగా పైకి వచ్చి, తలలు నీటి అంచుకు ఆనించి, నోళ్లు తెరిచి మూస్తూ ఉంటాయి. చప్పుడు కూడా వినబడుతుంది. చాలామంది అది ఆకలి అనుకుని మేత వేస్తారు. కొర్రమీను వంటి చేపలు గాలిని నేరుగా పీల్చగలవు కాబట్టి తట్టుకుంటాయి, కోయి, గోల్డ్‌ఫిష్ తట్టుకోలేవు.

మధ్యాహ్నం మరో ప్రమాదం ఉంది. నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడం వల్ల నీటి పీహెచ్ తొమ్మిది దాకా ఎక్కుతుంది. అమ్మోనియా విషమయ్యేది దాని మొత్తం పరిమాణాన్ని బట్టి మాత్రమే కాదు, పీహెచ్‌ను బట్టి కూడా. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే ఏడు శాతం పైన, 9 అయితే దాదాపు 45 శాతం. పొద్దున పరీక్షించినప్పుడు ఏ దోషమూ కనిపించని నీటిలోనే మూడు గంటల ఎండకు చేపలు మొప్పలు ఎర్రబడి తిరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు పెద్దమ్మగారి తొట్టికి వద్దాం. నీళ్లన్నీ తీసేస్తే నాచు పోవాలి కదా, ఎందుకు పోలేదు? గోడ పగుళ్లలో, పైపులో, చేపల ఒంటి మీద మిగిలిన కొద్దిపాటి కణాలు చాలు. వెచ్చని నీటిలో అవి రోజుకు ఒకటి రెండుసార్లు రెట్టింపవుతాయి. పైగా ఎరువులు ఎక్కువగా వాడే పొలాల నడుమ ఉన్న బోరు నీళ్లలో నైట్రేటు ఉండడం సాధారణం. అంటే కొత్త నీటితో పాటు కొత్త ఎరువు కూడా తొట్టిలోకి వస్తుంది. వేసవిలో ఆవిరి లెక్క కూడా ఇందులో కలుస్తుంది. రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైనా పైన చెప్పిన తొట్టి నుంచి 45 లీటర్లు పోతాయి. రెండు నెలల్లో అది సగం తొట్టి కన్నా ఎక్కువ. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పులు, నైట్రేట్లు అక్కడే ఉండిపోయి, మళ్లీ నింపిన ప్రతిసారీ మరికొన్ని వచ్చి చేరతాయి. భగీరథ నల్లా నీళ్లు నింపేవారికి వేరే చిక్కు: అందులోని క్లోరిన్ చేప మొప్పలకూ, తొట్టిలోని మంచి సూక్ష్మజీవులకూ హాని చేస్తుంది. వెడల్పాటి డ్రమ్ములో ఒక రోజంతా ఎండకు ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. ఆలోగా వాడవలసి వస్తే అక్వేరియం దుకాణాల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ కలపాలి.

అన్నింటికన్నా పెద్ద నష్టం ఆ మంచి సూక్ష్మజీవులు పోవడం. చేపలు వదిలే అమ్మోనియాను ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరో జాతి ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. అవి నీటిలో తేలవు. గోడల మీద, రాళ్ల మీద, ఫిల్టరు స్పాంజిలో జిగురు పొరగా నివసిస్తాయి. ఆ పొర స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను తొట్టి కట్టుకున్న తొలి ఏడాది, శుభ్రత మీది శ్రద్ధతో, బ్లీచింగ్ పౌడరు వేసి గోడలు రుద్ది, స్పాంజిని నల్లా కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడిగాను. ఐదు రోజుల్లో తొమ్మిది చేపలు చనిపోయాయి. నీళ్లు మాత్రం అద్దంలా తేటగా ఉన్నాయి. ఆ ఉదయం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, అందుకే ఈ విషయం అడిగిన వారికీ, అడగని వారికీ చెబుతుంటాను: స్పాంజిని ఎప్పుడైనా తొట్టి నీళ్లలోనే ముంచి, పైపైన పిండాలి. నీళ్లు వారానికి పది, పదిహేను శాతం మించి మార్చకూడదు, అదీ అడుగు నుంచి పైపు పెట్టి మడ్డిని లాగుతూ మార్చాలి. అలా తీసిన పచ్చనీళ్లు కరివేపాకుకు, టమాట మొక్కలకు మంచి ఎరువు.

తేటపరచడంలో మొదటి పని మేత సగానికి తగ్గించడం. రెండు మూడు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసినంతే వేయాలి, మిగిలితే జల్లెడతో తీసేయాలి. ఇది ఖర్చు లేని పని, అయినా జనం చివరగా ఒప్పుకునేదీ ఇదే.

రెండోది నీడ, మొక్కలు. నీటి పైభాగంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కలువ ఆకులు, తామరాకులు కమ్మితే అడుగున నాచుకు వెలుతురు అందదు. ఆ మొక్కలు ఎదిగేదాకా తొట్టికి పడమటి వైపు గ్రీన్ షేడ్ నెట్ కట్టుకోవచ్చు. అయితే కలువ వేర్లు ప్రధానంగా కుండీ మట్టి నుంచే పోషకాలు తీసుకుంటాయి. నీటిలోని నత్రజనిని నేరుగా లాగేవి తేలే మొక్కలు, నీటిలో మునిగి పెరిగే హైడ్రిల్లా వంటివి. అంతరతామర రెండు గంపలు వేసి, పదిహేను రోజులకొకసారి సగం తీసి ఎరువు గుంతలో వేస్తే ఆ ఆకులతో పాటు నీటిలోని నత్రజని కూడా బయటికి పోయినట్లే. తీయకుండా వదిలేస్తే అవి అక్కడే కుళ్లి, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తాయి. గుర్రపు డెక్క ఈ పనిని ఇంకా వేగంగా చేస్తుంది, కాని మూసీ మీది చెరువులను అది ఎలా కమ్మేసిందో కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి పెంచమని చెప్పడానికి నాకు మనసు రాదు. పెంచినవారు ఒక్క కొమ్మ కూడా కాలువలోకో కుంటలోకో విసరకూడదు. తొట్టి మీదికి వేప, కానుగ కొమ్మలు వంగి ఉంటే అది నీడ అనుకోవద్దు; రాలిన ఆకు ప్రతిదీ అడుగున చేరి మళ్లీ ఎరువవుతుంది.

మూడోది ఫిల్టరు. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములో అడుగున కంకర, దాని మీద ఇటుక ముక్కలు, పైన రెండు మూడు పొరల స్పాంజి వేసి, మోటారుతో తొట్టి నీళ్లను దాని గుండా తిప్పితే చాలు. రెండు గంటలకొకసారి మొత్తం నీళ్లు తిరిగేంత మోటారు కావాలి. 5,100 లీటర్లకు గంటకు సుమారు 2,500 లీటర్లు తోడేది. మోటారు ఇరవై నాలుగు గంటలూ నడవాలి. కరెంటు చాలా గంటలు పోతే డ్రమ్ములోని సూక్ష్మజీవులు ప్రాణవాయువు అందక చచ్చి నీళ్లు కుళ్లుతాయి కనుక, కరెంటు వచ్చాక ఆ నిల్వ నీటిని చెట్లకు వదిలేసి మరీ మోటారు వేయాలి. డ్రమ్ము నుంచి నీళ్లు అడుగు ఎత్తున ధారగా పడేలా పెడితే తెల్లవారుజామున కావలసిన గాలి కూడా అందుతుంది.

సూక్ష్మ నాచును ఫిల్టరు ఒక్కటే పట్టలేదని ముందే చెప్పుకున్నాం. దానికి యూవీ దీపం తోడవుతుంది. 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు గాజు గొట్టం పక్కగా పారే నీటిలోని నాచు కణాలను దెబ్బతీసి గుమిగూడేలా చేస్తాయి, ఆ ముద్దలను స్పాంజి పట్టుకుంటుంది. సరైన సామర్థ్యమున్న దీపం పెడితే వారం, పది రోజుల్లో నీళ్లు తేటపడతాయి. మన దగ్గర మాత్రం ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది: బోరు నీళ్ల చవుడు ఆ గాజు గొట్టం మీద తెల్లని పెచ్చుగా కడుతుంది. బయటికి నీలి వెలుతురు కనిపిస్తూనే ఉంటుంది, కిరణాలు మాత్రం నీటిని చేరవు. నెలకొకసారి కరెంటు తీసి, గొట్టాన్ని నిమ్మరసంతో తుడిచి, నీళ్లతో కడిగి బిగించాలి. వెలుగుతున్న దీపాన్ని నేరుగా కంటితో చూడకూడదు. దీపం వెలుగుతున్నా ఎనిమిది, తొమ్మిది వేల గంటలు దాటాక దాని శక్తి తగ్గుతుంది, అంటే ఏడాదికొకటి మార్చుకోవాలి.

ఎర్రమన్ను కలిసిన నీటికి దారి వేరు, దానికి మన జిల్లా పేరే ఆసరా. తాగునీటిలో ఫ్లోరైడును తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు. నీటిలో పటిక, సున్నం వేసి కలిపితే పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి ముద్దలు కట్టి, ఫ్లోరైడును తనతో తీసుకుని అడుగుకు దిగుతుంది. అదే పటిక బంకమన్ను రేణువులను కూడా ముద్దకట్టిస్తుంది, నీటిలోని భాస్వరాన్ని కూడా పట్టి అడుగుకు దించుతుంది. కాని ఫ్లోరైడు తీయడానికి వాడే మోతాదులు చాలా ఎక్కువ, అవి చేపల నీటికి పనికిరావు. చేపలున్న నీటికి లీటరుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు చాలు. మన 5,100 లీటర్ల తొట్టికి 20 చొప్పున వేస్తే వంద గ్రాములు. పటిక నీటి క్షారాన్ని తినేసి పీహెచ్‌ను దించుతుంది, ఒక మిల్లీగ్రాము పటికకు దాదాపు అర మిల్లీగ్రాము క్షారం ఖర్చవుతుంది. బోరు నీటిలో క్షారం పుష్కలం కనుక భయం తక్కువ. వాననీటితో నిండిన తొట్టిలో మాత్రం అదే మోతాదు చేపల ప్రాణం తీయగలదు. అందుచేత ముందు బకెట్టులో చూసుకోవాలి: పది గ్రాముల పటిక పొడిని లీటరు నీటిలో కరిగించి, అందులో 40 మిల్లీలీటర్లు తీసి, 20 లీటర్ల తొట్టి నీళ్లున్న బకెట్టులో పోసి, రెండు నిమిషాలు మెల్లగా తిప్పి వదిలేస్తే గంటలో ముద్దలు కట్టి దిగాలి. దిగి, పీహెచ్ పట్టీ ఏడు దగ్గర నిలిస్తేనే తొట్టిలో వేయాలి, మర్నాడు అడుగు మడ్డిని పైపుతో లాగేయాలి. పూర్వం మన ఊళ్లలో బిందె లోపల చిల్లగింజను అరగదీసి వాగు నీటిని తేరబెట్టేవారు, మునగ గింజల పొడి కూడా అదే పని చేస్తుంది. బిందెడు నీటికి అవి బాగానే ఉంటాయి కాని, వేల లీటర్ల తొట్టిలో అంత గింజల పొడి వేస్తే అది కుళ్లి ప్రాణవాయువును తినేస్తుంది.

ఇక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) గురించి. నాచును అది చంపుతుంది, అందులో సందేహం లేదు. కాని చేపకు ప్రాణాపాయం కాని మోతాదుకూ, ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఉన్న సందు చాలా ఇరుకైనది, అది నీటి క్షారాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఆ రాగి అడుగు మడ్డిలో పేరుకుని నత్తలను చంపుతుంది. అంతకన్నా ముఖ్యం, తొట్టిలోని నాచంతా ఒక్కరోజులో చచ్చిపోతే దాని కుళ్లుతో ఆ రాత్రికే ప్రాణవాయువు అడుగంటుతుంది. దుకాణాల్లో రంగురంగుల సీసాల్లో అమ్మే నాచు మందులకు కూడా ఈ చివరి మాట వర్తిస్తుంది. మేత తగ్గించకుండా మందు వేస్తే చచ్చిన నాచే తర్వాతి నాచుకు ఎరువవుతుంది.

చాలామందికి తట్టని సంగతి మరొకటి ఉంది. దోమల కోసం వదిలే గంబూసియా చేపలు దోమపిల్లలతో పాటు నీటి ఈగలనే డాఫ్నియా పురుగులను కూడా తినేస్తాయి. సూక్ష్మ నాచును మేసేది ఆ పురుగులే. వాటిని తినే చేప ఎక్కువైన కొద్దీ నీళ్లు ఇంకా పచ్చబడతాయి. పక్కన చేపలు లేని చిన్న తొట్టి పెట్టి, పచ్చనీళ్లు అందులోకి మళ్లించి, డాఫ్నియాను పెంచుకుంటే అవి ఆ నీటిని రెండు మూడు రోజుల్లో తేటపరుస్తాయి. తేటపడ్డ నీళ్లు పెద్ద తొట్టికి, ఎక్కువైన డాఫ్నియా చేపలకు మేతగా పనికివస్తాయి.

పెద్దమ్మగారు తొట్టి కడగడం మానేసి, మేతను రోజుకు ఒక పూటకు తగ్గించి, నెట్ కట్టించి, డ్రమ్ము ఫిల్టరు పెట్టించారు. మొదటి మూడు వారాలు ఏ మార్పూ కనిపించలేదు. ఆ రోజుల్లో ఆమె రెండుసార్లు మోటారు తెచ్చి నీళ్లు తోడేయబోతే వాళ్ల కోడలు ఆపింది. అయిదో వారంలో రెండో మెట్టు కనిపించింది, ఏడో వారానికి అడుగు. వెలుతురు అడుగుదాకా పోవడంతో గోడలకు దారపు నాచు పట్టడం మొదలైంది. అది మళ్లీ రోగమేమోనని ఆమె కంగారుపడ్డారు కాని, అది సూక్ష్మ నాచు వదిలిన పోషకాలను పట్టుకుని కదలకుండా ఉండే నాచు, చేతికి చిక్కేది. పుల్లకు చుట్టి వారానికొకసారి తీసి మల్లెపాదులో వేస్తున్నారు.